వంపు తిరిగితే వెలుగు

మీనా సల్మాన్ కూడలికి దగ్గర్లో, రాత్రి పూట ఏ నాలుగో అంతస్తులోనో నిలబడి రోడ్డు వైపు చూస్తే ఒక చిన్న తమాషా కనిపిస్తుంది. తిన్నగా పోయే కార్ల హెడ్‌లైట్లు మన కంట పడవు. వంపు తిరిగే కారు దీపం మాత్రం ఒక్క లిప్త కాలం సూటిగా మన కళ్ళల్లో కొట్టి పక్కకి తప్పుకుంటుంది. వెనకే మరో కారు, మరో మెరుపు. కార్లు బారులు తీరి వస్తూంటే మన కిటికీ మీద వెలుగు టపటపా కొట్టుకుంటున్నట్లు ఉంటుంది.

ఈ వ్యాసంలో చెప్పబోయే యంత్రం చేసే పని ఇంచుమించు ఇదే. కారు బదులు ఎలక్‌ట్రాను, రోడ్డు బదులు గాలి తోడేసిన గొట్టం, స్టీరింగు బదులు అయస్కాంతం. తేడా ఒక్కటే. కారు దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ఎలక్‌ట్రాను మాత్రం వంపు తిరిగేటప్పుడే వెలుగుతుంది. ఆ వెలుగుని సింక్రోట్రాను కాంతి అంటారు. అలాంటి వెలుగుని తయారుచేసే యంత్రం మన గల్ఫుకి దగ్గర్లోనే, జోర్డాను దేశంలో ఉంది. పేరు సెసమీ. దాన్ని స్థాపించిన తొలి సభ్యదేశాల్లో మనం ఉంటున్న ఈ బుల్లి బహ్రెయిన్ కూడా ఒకటి అన్న సంగతి ఇక్కడి మన వాళ్ళల్లో చాలా మందికి తెలియదు. కనుక ముందు ఆ వెలుగు సంగతేమిటో చూసి, ఆ తరువాత సెసమీ కథలోకి వెళదాం.

1. ముత్యం లోపల ఏముంది?

బహ్రెయిన్‌కీ హైదరాబాదుకీ పాత చుట్టరికం ఉంది. నిజాముల కాలంలో హైదరాబాదుకి చేరిన "బస్రా ముత్యాలు" ఈ గల్ఫు నీళ్ళల్లో ఊపిరి బిగబట్టి మునిగిన వాళ్ళు తీసినవే. సముద్రం లేని హైదరాబాదు ముత్యాల నగరం అయిందంటే అందులో ఈ నీళ్ళకీ వాటా ఉంది. 1930లలో జపాను కల్చర్డ్ ముత్యాలు మార్కెట్టుని ముంచెత్తడంతో ఇక్కడి ముత్యాల వేట చితికిపోయింది. అదే రోజుల్లో, 1932లో, ఇక్కడ చమురు పడింది.

ఇప్పటికీ బహ్రెయిన్‌లో కల్చర్డ్ ముత్యాల వ్యాపారం నిషిద్ధం. మరి ఒక ముత్యం సహజమైనదో, గుల్లలో పూస పెట్టి పెంచినదో చెప్పడం ఎలా? పైకి రెండూ ఒక్కలాగే మెరుస్తాయి. కోసి చూస్తే తెలుస్తుంది కాని, కోసిన ముత్యాన్ని ఎవరు కొంటారు? అందుకని ఎక్స్-కిరణాలతో చూస్తారు. సహజమైన ముత్యం ఉల్లిపాయలా పొర మీద పొరగా పెరుగుతుంది. పూస పెట్టినదైతే లోపల గుండ్రటి గింజ, దాని చుట్టూ పలచటి పొర కనిపిస్తాయి. పూస లేకుండా పెంచిన రకాలు కూడా ఉన్నాయి. వాటిని పట్టుకోవాలంటే ముత్యాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ వందలాది ఎక్స్-రే బొమ్మలు తీసి, కంప్యూటరులో వాటిని కూర్చి, లోపలి రూపాన్ని మూడు దిశల్లోనూ చూడాలి. మనామాలో 2017లో వెలిసిన ముత్యాల, రత్నాల సంస్థ "దానాత్" ఇలాంటి పరీక్షలే చేస్తుంది.

ముత్యానికి మామూలు ఎక్స్-రే గొట్టం చాలు. ముత్యం బదులు ఒక ప్రోటీను బణువు లోపల ఏ అణువు ఎక్కడ ఉందో చూడాలంటే? ఒక బేటరీ ఛార్జి అవుతూండగా లోపలి లోహం ఎలా మారుతోందో క్షణక్షణం చూడాలంటే? అక్కడ ఈ గొట్టం చేతులెత్తేస్తుంది.

2. గొట్టంతో చిక్కేమిటి?

మనం కంటితో చూసే కాంతి తరంగాల పొడుగు సుమారు 400 నుండి 700 నేనోమీటర్లు. అణువుల మధ్య దూరాలు నేనోమీటరులో పదో వంతు నుండి మూడో వంతు దాకా ఉంటాయి. చేంతాడుతో చీమ నడుం కొలవలేం కదా. అణువుల అమరిక తెలియాలంటే దానికి దీటైన పొట్టి తరంగాలు కావాలి. అవే ఎక్స్-కిరణాలు.

రంట్‌గెన్ 1895లో కనిపెట్టిన నాటి నుండి ఎక్స్-కిరణాలని పుట్టించే పద్ధతి పెద్దగా మారలేదు. వేగంగా పోయే ఎలక్‌ట్రానులని లోహపు దిమ్మకి గుద్దిస్తే ఎక్స్-కిరణాలు వస్తాయి. పెట్టిన శక్తిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు వేడిగా పోతుంది. మిగిలిన ఒక పాలు కూడా అన్ని దిక్కులకీ చెదిరిపోతుంది. కరెంటు ఎక్కువ పెడదామంటే దిమ్మ కరిగిపోతుంది.

మనకి కావలసింది దీపావళి మతాబా లాంటి వెలుగు కాదు, టార్చిలైటు లాంటి వెలుగు. సన్నగా, సూటిగా, చెదరకుండా రావాలి. ఈ గుణాన్నే శాస్త్రవేత్తలు ద్యుతి అంటారు. మొత్తం ఎంత వెలుగు వచ్చింది అన్నది కాదు లెక్క. ఎంత చిన్న చోటు నుండి, ఎంత సన్నటి కోణంలో, ఎంత శుద్ధమైన రంగులో వచ్చింది అన్నదే లెక్క. ఈ కొలతలో సింక్రోట్రాను కాంతి ఆసుపత్రి ఎక్స్-రే గొట్టం కంటే కోట్ల రెట్లు ముందుంటుంది.

3. ఎలక్‌ట్రాను ఎందుకు వెలుగుతుంది?

ఒక పొడుగాటి తాడు కొస పట్టుకుని నిలకడగా నడుస్తున్నారనుకోండి. తాడు మీ వెంట సాఫీగా వస్తుంది. ఉన్నట్టుండి చేతిని పక్కకి ఝాడించండి. తాడులో ఒక మడత పుట్టి రెండో కొస వైపు పరుగెడుతుంది.

ఎలక్‌ట్రాను చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రం ఆ తాడు లాంటిది. ఎలక్‌ట్రాను ఒకే వేగంతో తిన్నగా పోతున్నంత సేపూ దాని క్షేత్రం దాని వెంటే పోతుంది. దారి మళ్ళించగానే క్షేత్రంలో మడత పడి, ఆ మడత కాంతి వేగంతో బయటికి పోతుంది. ఆ మడతే మనం చూసే వెలుగు.

మెల్లగా పోయే ఎలక్‌ట్రాను అయితే ఈ వెలుగు అన్ని వైపులకీ పోతుంది. కాంతి వేగానికి దగ్గరగా పోయే ఎలక్‌ట్రాను అయితే వెలుగంతా ముందు వైపుకే, కారు హెడ్‌లైటులా సన్నటి శంఖం ఆకారంలో పోగుపడుతుంది.

దీన్ని మొదట కళ్ళారా చూసినది 1947 ఏప్రిలులో. అమెరికాలో స్కెనెక్‌టడీ ఊళ్ళోని జనరల్ ఎలక్‌ట్రిక్ ప్రయోగశాలలో 7 కోట్ల ఎలక్‌ట్రాను వోల్టుల యంత్రం ఒకటి ఉండేది. దాని గొట్టం అదృష్టవశాత్తూ లోపలికి కనపడే రకం. యంత్రం నడుస్తూండగా అందులో జిగేలుమనే వెలుగు కనబడింది. ఆ యంత్రం రకం పేరు సింక్రోట్రాను. ఎలక్‌ట్రాను శక్తి పెరిగే కొద్దీ, దానికి సరిజోడుగా అయస్కాంతాల బలాన్ని కూడా పెంచుకుంటూ పోతుంది కనుక ఆ పేరు. వెలుగుకి కూడా అదే పేరు స్థిరపడిపోయింది.

అణుగర్భాన్ని పగలగొట్టి చూడాలనుకునే వాళ్ళకి ఈ వెలుగు శుద్ధ దండుగ. పోగుచేసిన శక్తి అంతా కారిపోతోందే అని వాళ్ళ బాధ. రైసు మిల్లులో తవుడు లాంటిదన్నమాట. తరువాత తవుడు నూనెకి గిరాకీ వచ్చినట్లే ఈ వెలుగుకీ వచ్చింది. 1960లలో పరాయి యంత్రాల పక్కన చేరి ఈ వెలుగుని అడుక్కుని వాడుకున్నారు. 1980లు వచ్చేసరికి కేవలం ఈ వెలుగు కోసమే యంత్రాలు కట్టడం మొదలయింది. ఇంగ్లండులో డేర్స్‌బరీ యంత్రం అలాంటి వాటిల్లో మొదటి వరసలోది.

4. సైకిలు పందెం

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఇది చేస్తే అసలు కిటుకు అర్థం అవుతుంది.

సెసమీలో తిరిగే ఎలక్‌ట్రాను శక్తి 250 కోట్ల ఎలక్‌ట్రాను వోల్టులు. కదలకుండా ఉన్న ఎలక్‌ట్రాను గరిమని శక్తిగా లెక్క కడితే వచ్చేది 5.11 లక్షల ఎలక్‌ట్రాను వోల్టులు. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే సుమారు 4,900 వస్తుంది. ఈ నిష్పత్తిని గామా అందాం.

ఐన్‌స్టయిను సాపేక్షవాదం ప్రకారం, ఇంత శక్తి ఉన్న ఎలక్‌ట్రాను వేగం కాంతి వేగం కంటే ఎంత తక్కువ? కాంతి వేగాన్ని గామా వర్గానికి రెట్టింపుతో భాగిస్తే ఆ తేడా వస్తుంది. కాంతి వేగం సెకనుకి 30 కోట్ల మీటర్లు. గామా వర్గానికి రెట్టింపు సుమారు 4.8 కోట్లు. భాగిస్తే సుమారు 6 మీటర్లు. అంటే కాంతితో పరుగు పందెం పెడితే మన ఎలక్‌ట్రాను సెకనుకి ఆరు మీటర్లు మాత్రమే వెనకబడుతుంది. అది ఊళ్ళో సైకిలు తొక్కే వేగం!

ఇప్పుడు ఎలక్‌ట్రాను దారికి పైనా కిందా చిన్న చిన్న అయస్కాంతాలు పేర్చుదాం. ఒకటి ఉత్తరం, తరువాతది దక్షిణం, మళ్ళీ ఉత్తరం. వాటి మధ్యగా పోయే ఎలక్‌ట్రాను పాము నడకలా అటూ ఇటూ ఊగుతూ పోతుంది. ఒక ఊపుకీ తరువాతి ఊపుకీ మధ్య దూరం 2 సెంటీమీటర్లు అనుకుందాం. మొదటి ఊపు దగ్గర ఒక వెలుగు అల పుట్టి ముందుకి దూకింది. దాని వెనకే ఎలక్‌ట్రాను కూడా పరుగెత్తి, 2 సెంటీమీటర్లు పోయాక రెండో అలని పుట్టించింది. ఈ రెండు అలల మధ్య దూరం ఎంత?

అల 2 సెంటీమీటర్లు పోయే లోపల ఎలక్‌ట్రాను వెనకబడినది అందులో 4.8 కోట్లవ వంతు. అంటే 0.4 నేనోమీటరు. అయస్కాంతాల బలం వల్ల ఈ జవాబు కొంత పెరుగుతుంది కాని, కిటుకు మాత్రం ఇంతే. చేత్తో పట్టుకోగలిగిన అయస్కాంతాల వరసతో అణువంత పొట్టి తరంగాన్ని తయారుచేశాం! పైగా ఊపు తరువాత ఊపుగా పుట్టిన అలలన్నీ ఒకదాని వెనక ఒకటి పొందికగా పేరుకుంటాయి కనుక వెలుగు మరింత సన్నగా, మరింత శుద్ధంగా వస్తుంది. ఈ అయస్కాంతాల వరసని అండ్యులేటరు అంటారు. 1990లలో వచ్చిన మూడో తరం యంత్రాలు దీన్ని ఆసరా చేసుకుని కట్టినవే.

ప్రోటానులతో ఈ పని ఎందుకు చేయరు అని అడగవచ్చు. ఒకే శక్తి, ఒకే వంపు ఇచ్చినా ప్రోటాను గరిమ 1,836 రెట్లు ఎక్కువ. వెలుగు గరిమ యొక్క నాలుగో ఘాతంలో తగ్గిపోతుంది. అంటే సుమారు పదకొండు లక్షల కోట్ల వంతుకి పడిపోతుంది. వెలుగు కావాలంటే ఎలక్‌ట్రానే గతి.

5. యంత్రం చుట్టూ ఒక ప్రదక్షిణం

సెసమీ ఉన్నది అమ్మానుకి వాయవ్యంగా, ముప్పై కిలోమీటర్ల పై చిలుకు దూరంలో, అల్లాన్ అనే ఊళ్ళో. అందులో ఎలక్‌ట్రాను ప్రయాణం మూడు మజిలీల్లో సాగుతుంది. మొదట మైక్రోట్రాను అనే చిన్న యంత్రం ఎలక్‌ట్రానులని 2.2 కోట్ల ఎలక్‌ట్రాను వోల్టుల దాకా నెడుతుంది. తరువాత బూస్టరు వలయం 80 కోట్ల దాకా తీసుకెళుతుంది. చివరగా 133 మీటర్ల చుట్టుకొలత ఉన్న నిల్వ వలయంలో ప్రవేశించి, అక్కడ 250 కోట్లకి చేరుకుని, అదే వలయంలో గంటల తరబడి తిరుగుతాయి. వలయాన్ని సెకనుకి 22 లక్షల సార్లకి పైగా చుట్టివస్తాయి.

వలయం అన్నామే కాని అది నున్నటి గుండ్రం కాదు. తిన్నటి ముక్కలు, వాటి మధ్య వంపులు. వంపు తిప్పే అయస్కాంతాలు 16. ప్రతి చుట్టులోనూ ఒక్కొక్క ఎలక్‌ట్రాను సుమారు 6 లక్షల ఎలక్‌ట్రాను వోల్టుల శక్తిని వెలుగుగా పారబోసుకుంటుంది. ఊరికే వదిలేస్తే సెకనులో వెయ్యింట రెండు వంతులు గడిచేలోగా దివాలా తీస్తుంది. అందుకని ప్రతి చుట్టులోనూ రేడియో తరంగాల పెట్టెలో నుండి దూసుకుపోతూ, పోగొట్టుకున్నంతా తిరిగి రాబట్టుకుంటుంది. ఉయ్యాల ఊగే పిల్లని సరిగ్గా సమయానికి ఒక తోపు తోసినట్లు.

వంపుల దగ్గరా, అయస్కాంతాల వరసల దగ్గరా పుట్టిన వెలుగు వలయానికి స్పర్శరేఖలా బయటికి వస్తుంది. తడిసిన గొడుగుని గిర్రున తిప్పితే చినుకులు చిమ్మినట్లు. ఆ వెలుగు వచ్చే దారుల చివర ప్రయోగశాలలు ఉంటాయి. ఒకే యంత్రం, చుట్టూ వేరు వేరు గదులు. ఒక గదిలో పురాతన ఎముకలు, పక్క గదిలో బేటరీ, ఆ పక్కన గోధుమ చేలోని మట్టి. అందరికీ ఒకే దీపం.

6. నువ్వుల గింజ కథ

సెసమీ అంటే నువ్వులు. సంస్థ పొడుగాటి పేరులోని పొడి అక్షరాలని కూర్చితే ఆ మాట వచ్చింది. ఆలీబాబా గుహ తలుపు తెరిపించిన మాట అదేనని పేరు పెట్టిన వాళ్ళకి తెలియకపోలేదు.

ఈ ప్రాంతంలో ఇలాంటి యంత్రం ఒకటి ఉండాలని చాలా ముందే అన్న వాళ్ళల్లో పాకిస్తానుకి చెందిన భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలాం ఉన్నారు. 1995 నవంబరులో ఇటలీ శాస్త్రవేత్త సెర్జియో ఫుబీని, ఇజ్రాయెలు శాస్త్రవేత్త ఎలియెజర్ రబినోవిచి మొదలైన వాళ్ళు ఈజిప్టులో సినాయి తీరాన దహబ్ అనే ఊళ్ళో ఒక డేరాలో సమావేశమయ్యారు. అరబ్బులు, ఇజ్రాయెలీలు కలిసి విజ్ఞాన శాస్త్రంలో ఏమైనా చెయ్యగలరా అన్నది అక్కడి చర్చ. 1997లో అమెరికాకి చెందిన హెర్మన్ వినిక్, జర్మనీకి చెందిన గుస్టావ్-అడోల్ఫ్ ఫాస్ ఒక ఉపాయం చెప్పారు. బెర్లినులోని బెస్సీ-1 అనే యంత్రాన్ని త్వరలో ఆపేస్తున్నారు, దాన్ని పారేయకుండా వీళ్ళకి ఇస్తే? జర్మనీ సరేనంది. యంత్రాన్ని విప్పి, పెట్టెల్లో సర్ది, 2002లో జోర్డానుకి చేర్చారు. 2003 జనవరిలో శంకుస్థాపన. 2004లో యునెస్కో ఛత్రం కింద సంస్థ అధికారికంగా ఏర్పడింది. ఐరోపా దేశాలు యుద్ధం తరువాత కలిసి కట్టుకున్న సెర్న్ సంస్థ నిబంధనలే దీనికి నమూనా.

బెస్సీ-1 ఉన్నదున్నట్లుగా వాడితే గట్టి ఎక్స్-కిరణాలు రావు. అందుకని దాన్ని బూస్టరుగా వాడుకుని, దాని చుట్టూ 250 కోట్ల ఎలక్‌ట్రాను వోల్టుల కొత్త వలయం కట్టాలని నిర్ణయించారు. పాత ఇంటి చుట్టూ కొత్త ఇల్లు కట్టుకున్నట్లు.

ఆ తరువాత సభ్యుల పేర్లు ఒక సారి చదవండి. ఈజిప్టు, ఇజ్రాయెలు, ఇరాను, జోర్డాను, పాకిస్తాను, పాలస్తీనా, టర్కీ, సైప్రసు. వీటిలో కొన్ని దేశాలు ఒకదాన్ని ఒకటి దేశంగానే గుర్తించవు. అయినా ఒకే బల్ల చుట్టూ కూర్చుని బడ్జెట్టు లెక్కలు చూసుకున్నాయి. తొలి సభ్యుల్లో ఒకటైన బహ్రెయిన్ పేరు ఇప్పటి పట్టికలో లేదు.

దారి పూలబాట కాలేదు. సెసమీ మండలిలో ఇరాను తరఫున పనిచేసిన మసూద్ అలీ మొహమ్మదీ, మజీద్ షహ్రియారీ ఇద్దరూ 2010లో టెహరానులో బాంబు దాడుల్లో హత్యకి గురయ్యారు. 2013 డిసెంబరులో మంచు తుఫాను పడి భవనం కప్పు కూలింది. డబ్బు ఎప్పుడూ చాలలేదు. కొత్త వలయానికి అయస్కాంతాలు ఐరోపా సంఘం డబ్బుతో, సెర్న్ పర్యవేక్షణలో తయారయ్యాయి.

2017 జనవరిలో ఎలక్‌ట్రానులు కొత్త వలయంలో మొదటి సారి తిరిగాయి. ఆ ఏడాది మే 16న జోర్డాను రాజు అబ్దుల్లా యంత్రాన్ని ప్రారంభించారు. 2018లో మొదటి ప్రయోగాలు మొదలయ్యాయి. మొదట వచ్చిన వాళ్ళు సైప్రసు నుండి పురాతన మానవుల ఎముకలు, పళ్ళు పట్టుకొచ్చిన పురావస్తు శాస్త్రవేత్తలు.

ఇంతలో కరెంటు బిల్లు గుదిబండ అయింది. ఎడారి ఎండని నమ్ముకుని 6.48 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం కట్టుకుని 2019 ఫిబ్రవరిలో దాన్ని ప్రారంభించారు. పూర్తిగా సౌరశక్తి లెక్క మీద నడిచిన మొదటి పెద్ద త్వరణ యంత్రం ఇదే. సూర్యుడి వెలుగుని తీసుకుని మరో రకం వెలుగుగా మార్చి ఇస్తోందన్నమాట.

7. ఈ వెలుగుతో ఏం చూశారు?

ప్రపంచం మొత్తం మీద చూస్తే చెప్పుకోదగ్గ కథలు చాలా ఉన్నాయి. రెండే చెబుతాను.

మొదటిది రైబోసోము. మన ప్రతి జీవకణంలోనూ ప్రోటీనులని కుట్టిపెట్టే దర్జీ యంత్రం అది. అందులో లక్షలాది అణువులు ఉంటాయి. దాన్ని స్ఫటికంగా పేర్చి, సింక్రోట్రాను ఎక్స్-కిరణాలు దూర్చి, చెదిరిన చుక్కల అమరికని బట్టి ఏ అణువు ఎక్కడ ఉందో తేల్చినందుకు 2009లో వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అడా యోనాత్‌లకి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. మనం మింగే ఏంటీబయాటిక్ మాత్రల్లో చాలా వాటి గురి బేక్టీరియా రైబోసోము మీదే. తాళం బొమ్మ చేతికి వస్తే తాళం చెవి చేసుకోవడం తేలిక.

స్ఫటికాల విద్య మన వాళ్ళకి కొత్త కాదు. కృష్ణా జిల్లాలో పుట్టి, రామన్ దగ్గర పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రం బోధించిన సూరి భగవంతం స్ఫటికాల సౌష్ఠవానికి గణితం అన్వయించిన తొలి తరం వాళ్ళల్లో ఒకరు.

రెండో కథ సాఫ్ట్‌వేరు వాళ్ళకి మరీ నచ్చుతుంది. క్రీస్తు శకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఇటలీలో హెర్క్యులేనియం అనే ఊళ్ళో ఒక గ్రంథాలయం కాలి బొగ్గయింది. ఆ కాగితపు చుట్టలు విప్పబోతే పొడి అయిపోతాయి. రెండింటిని 2019లో ఇంగ్లండులోని డైమండ్ సింక్రోట్రాను వెలుగులో ముక్క పోకుండా ఫొటోలు తీశారు. ముత్యాన్ని తిప్పి చూసినట్లే. చిక్కు ఎక్కడంటే, రాసిన సిరా మసి, కాలిన కాగితమూ మసే. మసి మీద మసి ఎక్స్-కిరణాలకి తేడాగా కనపడదు. 2023లో ఆ దత్తాంశాలని అందరికీ విడుదల చేసి, చదివిన వాళ్ళకి బహుమానాలు ప్రకటించారు. సిరా పడిన చోట కాగితం నునుపులో వచ్చే అతి చిన్న మార్పుని గుర్తుపట్టేలా కంప్యూటరుకి శిక్షణ ఇచ్చి, 2024 ఫిబ్రవరిలో ఏడు లక్షల డాలర్ల పెద్ద బహుమానం గెలుచుకున్నది ముగ్గురు కుర్రాళ్ళు: యూసెఫ్ నాదెర్, లూక్ ఫారిటర్, జూలియన్ షిలిగర్. యూసెఫ్ ఈజిప్టు నుండి వెళ్ళి బెర్లినులో పరిశోధన చేస్తున్న విద్యార్థి. రెండు వేల ఏళ్ళ పాటు ఎవరూ చదవని పుస్తకంలో రెండు వేల పై చిలుకు అక్షరాలు బయట పడ్డాయి.

వెలుగు ఒక్కటే చాలదు, దాన్ని చదివే ప్రోగ్రాము కూడా కావాలి అన్నది ఈ కథ నీతి.

8. మన పని ఎక్కడ?

సింక్రోట్రాను అంటే అయస్కాంతాలు, గొట్టాలే అనుకుంటాం కాని, సగం సాఫ్ట్‌వేరే. వేల కొద్దీ అయస్కాంతపు కరెంట్లు, గొట్టంలోని శూన్యం, నీళ్ళ వేడి, తలుపుల తాళాలు అన్నిటినీ ఒకే చోట నుండి చూడాలి. సెసమీతో సహా చాలా చోట్ల దీనికి వాడేది ఎపిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. అమెరికాలో లాస్ అలమోస్, ఆర్గాన్ ప్రయోగశాలలు మొదలుపెట్టిన పని ఇది. అందులో ప్రతి కొలతకీ ఒక పేరు ఉంటుంది. ఆ పేరుని ఎవరైనా నెట్‌వర్కు మీద అడగవచ్చు, మారినప్పుడు నాకు చెప్పు అని చందాదారుగా చేరవచ్చు. బేంకుల్లోనూ, టెలికాంలోనూ సందేశాల వరసలతో కుస్తీ పట్టిన వాళ్ళకి ఇది పాత చుట్టమే.

తరువాత దత్తాంశాలు. ఒక వస్తువుని కొద్దికొద్దిగా తిప్పుతూ 2,000 బొమ్మలు తీశామనుకుందాం. ఒక్కొక్క బొమ్మ 2,560 అడ్డం, 2,160 నిలువు, చుక్కకి 2 బైట్లు. బొమ్మకి 11 మెగాబైట్లు, మొత్తం 22 గిగాబైట్లు. ఇది ఒక్క ముత్యానికి. రోజుకి వంద ముత్యాలు చూస్తే? సెసమీలో 2023లో ప్రారంభమైన బీట్స్ అనే గదిలో జరిగేది ఇలాంటి పనే. తీసిన బొమ్మలని కూర్చడం, దాచడం, వెతకడం, పంచడం, ఇవన్నీ మనం రోజూ చేసే పనులే.

9. సెసమీ ఎంత గొప్పది?

ఉన్న మాట చెప్పుకోవాలి. ద్యుతిలో సెసమీ ప్రపంచంలో మొదటి వరసలో లేదు. 2016లో స్వీడనులో ప్రారంభమైన మాక్స్-4 తో నాలుగో తరం మొదలయింది. ఒక్క పెద్ద వంపు తిప్పే బదులు అనేక చిన్న చిన్న వంపులు తిప్పితే ఎలక్‌ట్రానుల గుంపు చెదరకుండా సన్నగా ఉంటుంది అన్నది ఆ తరం సూత్రం. ఘాటు రోడ్డు మలుపులో బస్సుని ఒక్కసారిగా తిప్పితే లోపలి వాళ్ళు ఒకరి మీద ఒకరు పడతారు, మెల్లగా తిప్పితే ఎవరి సీట్లో వాళ్ళు ఉంటారు. ఫ్రాన్సులో గ్రెనోబుల్‌లో 844 మీటర్ల యంత్రాన్ని 2018 చివర్లో ఆపి, ఇదే పద్ధతిలో తిరగకట్టి, 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. దాని ఎక్స్-కిరణాల ద్యుతి మునుపటి కంటే వంద రెట్లు పెరిగింది.

మన దేశంలో ఇండోరులోని రాజా రామన్న కేంద్రంలో ఇండస్-1, ఇండస్-2 అని రెండు యంత్రాలు ఉన్నాయి. 2005లో మొదటి సారి ఎలక్‌ట్రానులు తిరిగిన ఇండస్-2 శక్తి సరిగ్గా సెసమీ శక్తి ఎంతో అంతే. చుట్టుకొలత 172.5 మీటర్లు.

మరి సెసమీ గొప్పతనం ఎక్కడ? అమ్మానులో, కైరోలో, ఇస్లామాబాదులో చదువుకున్న కుర్రవాడు ఇదివరకు మంచి ఎక్స్-కిరణం కావాలంటే ఐరోపాకో అమెరికాకో వెళ్ళేవాడు. వెళ్ళినవాడు చాలా సార్లు తిరిగి వచ్చేవాడు కాదు. ఇప్పుడు దగ్గర్లోనే ఒక దీపం ఉంది. సెసమీ పెట్టినది ప్రధానంగా ఇందుకోసమే. ఈ మాట మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కరలేదు. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి, ఆ చదువుకి ఊళ్ళో పని లేక, కంప్యూటరు నేర్చుకుని ఓడో విమానమో ఎక్కిన వాళ్ళు ప్రతి తెలుగు సంఘంలోనూ నలుగురైదుగురు కనిపిస్తారు. ప్రయోగశాల దగ్గర్లో ఉంటే చదివిన చదువు మనిషిని ఊళ్ళో నిలబెడుతుంది, లేకపోతే బయటికి నెడుతుంది. ఈ దీపం ఆరిపోకుండా చూసుకోవడం అన్నది ఆ ప్రాంతం వాళ్ళకి శాస్త్రానికి మించిన సమస్య. యుద్ధాలు వచ్చినప్పుడల్లా ముందుగా కోత పడేది ఇలాంటి వాటికే.

ఈ సారి కిటికీ మీద కారు దీపం టపటపలాడినప్పుడు మీ పిల్లలని పిలిచి చూపించండి. ఆసక్తి చూపిస్తే ఈ రెండు లెక్కలు ఇవ్వండి.

మొదటి లెక్క: గ్రెనోబుల్ యంత్రంలో ఎలక్‌ట్రాను శక్తి 600 కోట్ల ఎలక్‌ట్రాను వోల్టులు. కాంతితో పందెంలో అది సెకనుకి ఎంత వెనకబడుతుంది?

రెండో లెక్క: ఇండస్-2లో ఎలక్‌ట్రాను సెకనుకి ఎన్ని చుట్లు తిరుగుతుంది?

జవాబులు: మొదటిది సుమారు 1.1 మీటరు, అంటే పార్కులో తీరికగా నడిచే తాతగారి వేగం. రెండోది సుమారు 17.4 లక్షల చుట్లు.